సారుకు ఏ రోగమూ లేదు

శుక్రవారం పొద్దున పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో మా కెమిస్ట్రీ సారు ఫొటో వచ్చింది. చుట్టూ పూలు, పక్కన దీపం, కింద నాలుగు ముక్కలు: "పన్నెండు సంవత్సరాలు క్యాన్సర్ మహమ్మారితో అలుపెరగని పోరాటం చేసి, ఈ ఉదయం పరకాలలో కన్నుమూసిన మా ప్రియతమ గురువుగారికి అశ్రునివాళి." పెట్టినవాడు ఇప్పుడొక బ్యాంకులో మేనేజరు. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడుతూనే ఉన్నాయి. ఒకమ్మాయి "గ్రేట్ ఫైటర్" అని రాసింది.

నాకు ఒళ్లు మండిపోయింది. సారుకు క్యాన్సర్ లేదు. బీపీ లేదు, షుగర్ లేదు. అరవై ఎనిమిదేళ్ల మనిషి పొద్దున్నే వేపపుల్ల నములుతూ పెరట్లో తిరుగుతూ తిరుగుతూ కూలబడ్డారు. గుండె ఆగింది, అంతే. ఆయనకు ఉన్నదల్లా తెల్లజుట్టు. అదే రోగమైతే ముప్పై ఐదో ఏటి నుంచీ ఉంది.

మరి ఈ క్యాన్సర్ ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరు అంటించారు? ఆ మెసేజ్ పెట్టినవాణ్ని తిడదామని రెండుసార్లు ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. తిట్టే హక్కు నాకు లేదు. ఆయన మీద ఆ ముద్ర వేసిన నోరు నాది. ఇది చదివినవాళ్లలో ఒక్కరు నమ్మినా అంతమేరకు ఆ ముద్ర చెరుగుతుందన్న ఆశతో రాస్తున్నాను.

ఇంటర్‌లో ఆయన నాకు పాఠం చెప్పారు. తర్వాత నేను ఎమ్మెస్సీ చేసి, హనుమకొండలో ఆయన పనిచేసే ప్రైవేటు జూనియర్ కాలేజీలోనే లెక్చరర్‌గా చేరాను. మొదటిరోజు స్టాఫ్‌రూంలో తన పక్క కుర్చీని చేతిరుమాలుతో తుడిచి, "కూసో బిడ్డా. పిల్లల ముంగట నువ్వు మేడంవి. ఈ రూముల మాత్రం నా స్టూడెంట్‌వే" అన్నారు. పదేళ్ల తర్వాత కూడా నా నోట్స్ అడిగి తీసుకుని ఎర్రపెన్నుతో దిద్దేవారు.

ఆయనకొక పిచ్చి ఉండేది. అంకె చెప్పి ఊరుకుంటే ఒప్పుకునేవారు కాదు, పక్కన కొలత ఏమిటో చెప్పాలి. పరీక్షలో జవాబు సరిగ్గా ఉన్నా గ్రాములో లీటర్లో రాయకపోతే సున్నాయే. క్లాసులోనైతే సరే, బజారులోనూ అంతే. ఒకసారి బస్టాండులో నేను "బస్సు ఎప్పుడొస్తది?" అని అడిగితే ఒకాయన "ఐదు" అన్నాడు. "ఐదు గంటలకా, ఐదు నిమిషాలకా? సరిగ చెప్పు నాయినా, మంది పరేషాన్ అయితరు" అని సారు అక్కడే నిలబెట్టి అడిగారు. ఆ మనిషి విసుక్కుని వెళ్లిపోయాడు. సారు మాత్రం "చూసినవా బిడ్డా, వానికి తెలువదు. తెలువదంటె ఏం పోయింది?" అన్నారు.

'తెలువదు' అన్న మాటను అంత తేలికగా అనే లెక్చరర్‌ను నేను మళ్లీ చూడలేదు. పిల్లలెవరైనా "బంగారం నిజంగ కరుగుతదా సార్ ఆ ఆసిడ్‌ల?" అని అడిగితే, "కరుగుతదని పుస్తకంల ఉన్నది. నేనైతె సూడలె" అనేవారు. చూడనిదాన్ని చూశానని ఆయన చేత ఎవరూ అనిపించలేరు. ఆయన క్లాసు పిల్లల్లో ఒక మాట పుట్టింది. ఏదైనా గొడవ వస్తే, "సారును అడుగుదాం పా. సారంటె సారే" అనుకునేవాళ్లు. ఆయన ఏది చెబితే దానితో గొడవ ముగిసేది.

తల నిండా ఒత్తుగా తెల్లజుట్టు, వెనక్కి దువ్వేవారు. బోర్డు తుడిచినప్పుడు సుద్దపొడి నెత్తిన రాలినా తెలిసేది కాదు. కనుబొమలు కూడా తెలుపే.

ప్రైవేటు కాలేజీలో పాఠం చెప్పడం సగం ఉద్యోగమే. మిగతా సగం పదో తరగతి పరీక్షలయ్యాక, రోళ్లు పగిలే ఎండల్లో మొదలవుతుంది. ఊళ్ల జాబితా, పాంప్లెట్ల కట్ట చేతికిచ్చి పిల్లల్ని తీసుకురమ్మని పంపుతారు. లెక్చరర్లం ఇల్లిల్లూ తిరిగి మీ పిల్లవాణ్ని మా కాలేజీలో వేయండి అని బతిమాలాలి. నేనూ సారూ ఆయన పాత స్కూటరు మీద పరకాల చుట్టుపక్కల ఊళ్లు తిరిగేవాళ్లం. ఒకసారి పత్తిచేను ఉన్న ఒక రైతు మంచం వాల్చి కూర్చోబెట్టి, "మా పోరడు డాక్టరైతడా సారు?" అని అడిగాడు. అంతకుముందు వచ్చిన కాలేజీ వాళ్లు సీటు ఖాయమని చెప్పి వెళ్లారు.

"చెప్పలేను. వాడు చదువాలె, నేను మంచిగ చెప్పాలె, పరీక్షనాడు వాని ఒళ్లు బాగుండాలె. గివన్ని కలిస్తె కావచ్చు. గ్యారంటీ అయితె నేనియ్య" అన్నారు సారు.

నేను ఇక లాభం లేదని లేవబోయాను. ఆ రైతు సారు తల వైపు కాసేపు చూసి, భార్యను పిలిచి, "గీ సారు దగ్గెరనే ఎయ్యాలె. నెత్తి నెరిసిన మనిషి, ఉన్నది ఉన్నట్టు చెప్తాండు" అన్నాడు. ఏటేటా అదే వరస. ఆ జుట్టును చూపించి కాలేజీ సీట్లు నింపుకుంది. చివరికి ఆ జుట్టే దానికి కంటగింపైంది.

మేనేజ్‌మెంట్ మారి, డీన్ అనే ఒకాయన వచ్చాడు. ముప్పై నాలుగేళ్లుంటాయి. ఒక శనివారం సాయంత్రం స్టాఫ్ మీటింగు పెట్టి, కొత్త ఫ్లెక్సీల కోసం సోమవారం పొద్దున తొమ్మిదికి ఫొటోలు తీస్తామన్నాడు. తర్వాత అందరి ముందూ సారు వైపు తిరిగాడు.

"సార్, డోంట్ మైండ్. పేరెంట్స్ యంగ్ ఫ్యాకల్టీని చూడాలనుకుంటున్నారు. మీరు ఫ్రేములో మరీ పెద్దవాళ్లలా కనిపిస్తున్నారు. హెయిర్ కలర్ చేసుకుని రండి."

"నేను బోర్డు మీద రాసేటిది గూడ తెల్ల సుద్దతోనే కద సార్. దానికి గూడ నల్లరంగు ఎయ్యాల్నా?" అన్నారు సారు.

ఎవరూ నవ్వలేదు. డీన్ ఫైలు మూసి, "కలర్ లేకుండా వస్తే నెక్స్ట్ ఇయర్ గురించి మనం వేరేగా మాట్లాడుకోవాలి" అన్నాడు.

నాకు ఇప్పటికీ మంట ఎక్కడో చెబుతాను. ఆ ఫ్లెక్సీల మీద అందరికంటే పెద్ద ఫొటో చైర్మన్‌ది. ఆయన తలా తెలుపే, గడ్డమూ తెలుపే. ఆయనది అనుభవమట, సారుది ముసలితనమట! యజమాని నెరిస్తే గౌరవం, జీతగాడు నెరిస్తే తప్పు. ఏ పాఠంలో ఉందండీ ఈ సూత్రం? ఇది నేను ఆ గదిలో లేచి అడగాల్సింది. అడగలేదు. మీటింగు కాగానే బజారుకు పోయి ఒక రంగు ప్యాకెట్ కొని, సుబేదారిలో సారు అద్దెకుంటున్న ఇంటికి తీసుకుపోయాను. యాభై ఆరేళ్ల మనిషిని ఇంకో కాలేజీ తీసుకోదు. ఎలాగైనా ఆయన ఉద్యోగం నిలబెట్టాలన్నదే నా తొందర.

సారు ప్యాకెట్ చించి, లోపలి కాగితం తీసి, కళ్లద్దాలు పెట్టుకుని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివారు. పారాఫినైలీన్ డయమీన్ అన్న మందు పేరు దగ్గర వేలు పెట్టి ఆగారు.

"బిడ్డా, ముందుగాల చెవ్వెనక జర పెట్టి నలభై ఎనిమిది గంటలు సూడాలె అని రాసిండ్రు. ఇప్పుడు శనివారం ఏడయింది. సోమవారం తొమ్మిదికి ముప్పై ఎనిమిది గంటలే అయితయి."

"ఎవరు సూస్తరు సార్ అదంత? మా అత్త ఏసుకుంటది, మా ఆడిబిడ్డ ఏసుకుంటది, మా గల్లీల సగం మంది ఏసుకుంటాండ్రు. ఎవలకేమైంది?"

"ఆళ్లకేం కాలేదంటె నాకు కాదని రుజువా?"

"సార్, నౌకరి పోతది."

కాగితాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

ఆదివారం పొద్దున వెనక వరండాలో కార్యక్రమం. సారు భార్యను నేను అమ్మా అనేదాన్ని. ఆమె పాత దుప్పటి చింపి ఆయన మెడచుట్టూ కట్టి, వంటింట్లోంచి స్టీలు గిన్నె తెచ్చింది. సారు ఒప్పుకోలేదు. లోహం గిన్నె వాడొద్దని కాగితంలో ఉందట. లోపలికి పోయి అంచు విరిగిన గాజు బీకరు, ఒక గాజు కడ్డీ తెచ్చారు. నీళ్లు కొలిచి పోశారు. కడ్డీతో ఒకే వైపు తిప్పుతూ, గడియారం విప్పి గోడమీద పెట్టారు.

"నెత్తికి రంగేసుకునుడా, ప్రాక్టికల్ పరీక్షనా?" అంది అమ్మ.

"రెండొక్కటే. మొదటిసారి చేసేటిదేదైన ప్రయోగమే" అన్నారాయన.

పాత టూత్‌బ్రష్‌తో పాయ పాయ తీసి నేనే రాశాను. చెవుల మీద పడింది, నుదుటి మీద కారింది, బనీను మీద మరకలయ్యాయి. ముప్పై నిమిషాలు ఆయన కదలకుండా కూర్చుని, ఆ పొడికీ గాలిలోని ఆక్సిజన్‌కీ ఏం జరుగుతోందో నాకు పాఠం చెప్పారు. తల కడిగాక అద్దం చేతికిచ్చాం. చాలాసేపు చూసుకున్నారు.

"ఎవడమ్మా వీడు?" అన్నారు చివరికి.

అమ్మ పకపకా నవ్వి, "పెండ్లినాడు గిట్లనే ఉన్నవు" అంది.

"పెండ్లినాడు గింత నల్లగ లేను. అప్పటికే నాలుగు తెల్లయి ఉన్నయి, నువ్వు సూడలె."

ఆ మధ్యాహ్నమంతా ఆ ఇంట్లో నవ్వులే. నేనూ పెద్ద ఘనకార్యం చేసినట్టు ఇంటికి వెళ్లాను. సాయంత్రానికి నెత్తి దురద మొదలైందట. సోమవారం పొద్దున అమ్మ ఫోన్ చేసి, "జల్ది రా బిడ్డా, సారు కండ్లు తెరుస్తలేడు" అంది. వెళ్లేసరికి మొహమంతా ఉబ్బిపోయి రెండు కళ్లూ మూసుకుపోయాయి. నుదుటి నుంచి నీరు కారుతోంది. ఆటోలో దవాఖానకు తీసుకుపోతుంటే ఆయన కళ్లు కనిపించకుండానే, "తొమ్మిదయిందా? ఫొటోలు అయిపోయినట్టేనా?" అని అడిగారు. డాక్టరు సూదులు వేసి, ఇంకోసారి ఈ రంగు అంటుకుంటే గొంతు వాచి ఊపిరి ఆడదు, జాగ్రత్త అని అమ్మకు గట్టిగా చెప్పింది.

పది రోజులకు సారు కాలేజీకి వచ్చారు. వాపు తగ్గింది. రంగు ఎక్కిన జుట్టంతా పొట్టిగా కత్తిరించేశారు, మొదళ్లలో మళ్లీ తెలుపు. ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చిందని విన్న డీన్ ఏమన్నాడో తెలుసా? "అయితే హెర్బల్ వాడండి సార్" అన్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. సారు బజారుకు పోయి మూడు రకాల హెర్బల్ ప్యాకెట్లు కొని, వెనక రాసినదాని కింద ఎర్రపెన్నుతో గీత గీసి, డీన్ టేబుల్ మీద పెట్టారు. "పేరే మారింది సార్. లోపలి మందు గదే" అన్నారు. డీన్ వాటిని చదవను కూడా చదవలేదు. "వచ్చే సోమవారానికి వైట్ కనిపించకూడదు" అన్నాడు.

సోమవారం వైట్ కనిపించలేదు. సారు నున్నటి గుండుతో స్టాఫ్‌రూంలోకి వచ్చి, అందరికీ వేములవాడ ప్రసాదం పంచారు. డీన్‌కూ ఒక పొట్లం ఇచ్చి, "రాజన్నకు మొక్కు ఉండె సార్" అన్నారు. డీన్ ఆ పొట్లం కళ్లకద్దుకోక తప్పలేదు. జుట్టుకు రంగు వేయమని ఆజ్ఞాపించవచ్చు. మొక్కుకు అడ్డుచెప్పే ధైర్యం వరంగల్ జిల్లాలో ఎవరికుంది?

ఆరు వారాలకు మళ్లీ తెలుపు మొలిచేది. ఆరు వారాలకు మళ్లీ ఒక మొక్కు. వేములవాడ అయ్యాక కొమురవెల్లి, తర్వాత ఐనవోలు, కాళేశ్వరం, ధర్మపురి. పెళ్లయిన ముప్పై ఏళ్లలో తనను ఒక్క గుడికీ తీసుకుపోని మనిషి ఇప్పుడు నెలన్నరకో గుడి చూపిస్తున్నాడని అమ్మ సంబరపడింది. నాకు మాత్రం ఒక అనుమానం పీకేది. ఒకరోజు అడిగేశాను.

"సార్, మీరు ఎన్నడు అబద్ధమాడరు గద. మరి ఈ మొక్కు?"

"నిజంగనే మొక్కిన బిడ్డా. ఆ డీన్‌కు జర బుద్ధియ్యి స్వామీ అని. ఇయ్యలె. అందుకే ఇంకో దేవుని దగ్గెరికి పోతాన."

స్టాఫ్‌రూంలో ఆయనకు మొక్కుల సారు అని పేరు వచ్చింది. అడ్మిషన్లకు ఊళ్లోకి పోతే మాత్రం తంటా. గుండు చూసి ఆడవాళ్లు ఎదురొచ్చి, "అయ్యో, ఎవలు పోయిండ్రు సారు?" అని కళ్లు తుడుచుకునేవాళ్లు. "ఎవ్వలు పోలేదమ్మా, నా ఎంటికలే పోయినయి" అనేవారు. పట్నంలో అలా అడగరు. అసలే బక్కమనిషి, పైన గుండు, తెల్లటి కనుబొమలు దూరం నుంచి లేనట్టే కనిపించేవి. చూసినవాళ్లు వాళ్లలో వాళ్లే ఒక రోగం పేరు పెట్టుకున్నారు. అది తల్లిదండ్రుల్లో పాకి, డీన్ చెవిన పడింది. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు. ఇక్కడ పుండు కూడా లేదు, కాకి మాత్రం వాలింది.

జనవరిలో పేరెంట్స్ మీటింగుకు ముందు డీన్ నన్ను గదిలోకి పిలిచాడు. "మేడం, సార్‌కు రెస్ట్ ఇద్దామనుకుంటున్నాం. సీనియర్ పోస్టు మీకే. మీటింగులో ఆయన హెల్త్ గురించి ఒక్క మాట చెప్పండి. నేను చెప్తే అడ్డదిడ్డంగా అడుగుతారు. మీరు ఆయన స్టూడెంట్, నమ్ముతారు."

"సారుకు ఏం కాలేదు కద సార్" అన్నాను.

"ఏదో ఉందని మీరు చెప్పక్కర్లేదు. బాగోలేదని చెప్పండి చాలు."

అప్పుడు నాకు ముప్పై ఐదేళ్లు. ఇంట్లో నా జీతం ఒక్కటే. ఈ మాట నన్ను నేను క్షమించుకోవడానికి రాయడం లేదు. డీన్ సంతకం పెట్టమన్న తప్పుడు కాగితాన్ని, అలాంటి జీతంతోనే బతికే మా అటెండర్ ఒకాయన అతని మొహం ముందే చింపి పోయాడు. నేను చింపలేదు.

ఆ రోజు సారును ఏదో పని పెట్టి పరకాల వైపు పంపారు. హాలు నిండా తల్లిదండ్రులు. మైకు చేతికిచ్చారు. "సారు ఆరోగ్యం బాగోలేదు, కొన్నాళ్లు విశ్రాంతి తీసుకుంటారు" అన్నాను. రెండో వరసలో ఒక తల్లి లేచింది.

"క్యాన్సరా మేడం?"

హాలంతా నన్నే చూస్తోంది. గోడకు ఆనుకుని డీన్ చూస్తున్నాడు. కాదమ్మా అంటే మరి గుండెందుకు అంటారు. ఎందుకో చెబితే నా నౌకరీ కూడా ఆ గుండుతోనే పోతుంది. "అవునమ్మా" అన్నాను.

అయ్యో అని హాలంతా ఒక్కసారి మూలిగింది. వెనక వరసలో ఒక క్రైస్తవ తండ్రి లేచి, "మేడం, ఒక్క నిమిషం సారు కోసం ప్రార్థన చేద్దాం" అన్నాడు. అందరూ లేచి నిలబడ్డారు. బొట్టు పెట్టుకున్నవాళ్లు, టోపీ పెట్టుకున్నవాళ్లు, అందరూ కళ్లు మూసుకున్నారు. "ప్రభువా, మా పిల్లలకు చదువు చెప్పిన చేతులు, వాటిని ముట్టి స్వస్థపరచు తండ్రీ" అని ఆయన ప్రార్థించాడు. ఆమెన్ అన్నప్పుడు నా నోటి నుంచి కూడా ఆమెన్ వచ్చింది. అంత స్వచ్ఛమైన ప్రార్థనను నేను ఒక అబద్ధం కోసం చేయించాను.

మర్నాడు క్లాసు పిల్లలు యాపిల్ పండ్లు, హార్లిక్స్ సీసా పట్టుకుని సారు ఇంటికి పోయారని తెలిసింది. గ్రాములు రాయకపోతే సున్నా వేసే మనిషి. చూడనిదాన్ని చూశానని అననివాడు. నాకే రోగమూ లేదురా అని ఒక్క మాట అంటారు, రేపటి నుంచి ఆ క్లాసు ముందు నేను తలెత్తుకోలేను అనుకున్నాను. పొద్దున బెదురుతూనే క్లాసులోకి అడుగుపెట్టాను. పిల్లలంతా లేచి నిలబడ్డారు. ముందు బెంచీ కుర్రాడు, ఇప్పటి ఆ బ్యాంకు మేనేజరే, కళ్లనిండా నీళ్లతో, "మీరు చెప్పింది నిజమే అన్నడు మేడం సారు. మేడం చెప్పినట్టు మంచిగ చదువుకోండ్రి అన్నడు" అన్నాడు.

ఆ సాయంత్రం సుబేదారి పోయాను. విశ్రాంతి పేరుతో కాలేజీ సారును మాన్పించేసింది. సామాన్లు మూటలు కడుతున్నారు. పరకాలలో వాళ్లకు పాత ఇల్లు ఉంది, అక్కడికి పోతున్నారట. నన్ను చూడగానే అమ్మ చేతిలో చీపురు విసిరికొట్టింది.

"ఎందుకొచ్చినవు? నీ చేతులతోని రంగేసినవు, నీ నోటితోని రోగమంటించినవు. మేం నీకేం పాపం చేసినం బిడ్డా? మనిషి నెత్తి నెరిస్తె గది తప్పా? తప్పని ఎవడన్నా అంటె కాదని చెప్పనీకి నీకు నోరు లేదా?"

"ఊకోవే" అన్నారు సారు. ఆయన గుండు మీద తెల్లగా మొలకలు వచ్చాయి. నేను నేల మీదే కూర్చుండిపోయాను.

"సార్, పిల్లలతోని ఎందుకట్ల చెప్పిండ్రు? నేను అబద్ధమాడిన అని చెప్పొద్దా?"

"చెప్దామనే నోరు తెరిచిన బిడ్డా. అప్పుడు ఆ పోరడు అడిగిండు, 'మేడం చెప్పింది నిజమేనా సార్' అని. కాదంటె రేపు నువ్వు బోర్డు మీద ఏం రాసినా నమ్మరు. రెండు నెలల్ల పరీక్షలు. కెమిస్ట్రీ ఇగ నువ్వే చెప్పాలె గద." గాజు బీకరును పాత పేపరులో చుడుతూ, "వాళ్లకు నువ్వు కావాలె. నాదేం పోయింది, ఒక రోగమే గద" అన్నారు.

పరకాలలో మూడు నెలలకు ఆ తెల్లజుట్టు మళ్లీ ఒత్తుగా పెరిగింది. సాయంత్రాలు అరుగు మీద ఊరి పిల్లలకు లెక్కలు చెప్పేవారు. హనుమకొండ నుంచి ఎవరైనా ఎదురుపడి, "ఒంట్లె ఎట్లున్నది సార్?" అంటే, "జర నయమే" అనేవారు. ఆ రెండు మాటలు అనేటప్పుడు ఆయన చూపు నేల మీదికి పోయేది. పోయిన ప్రతిసారీ నేను అడిగేదాన్ని, ఇగ చెప్పేద్దాం సార్ అని. "ఇడిసిపెట్టు బిడ్డా, నీ దగ్గెర ఇంకా పిల్లలు సదువుతాండ్రు" అనేవారు. నేను ఆ కాలేజీ వదిలి వేరే కాలేజీకి మారాక కూడా అదే మాట. ఆ మాట నాకు సుఖంగానే ఉండేది. అది ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

శుక్రవారం మధ్యాహ్నం పరకాల చేరాను. ఆయనను ముందు గదిలో పడుకోబెట్టారు. తెల్లజుట్టు దువ్వి ఉంది. చుట్టూ పాత విద్యార్థులు పదిహేను మంది దాకా ఉన్నారు. బ్యాంకు మేనేజరు అందరికీ చెబుతున్నాడు, చూడండి, ఎన్ని ట్రీట్‌మెంట్లు చేయించుకున్నా సారుకు జుట్టు మళ్లీ ఎంత బాగా వచ్చిందో అని. అమ్మ ఆయన తల దగ్గర కూర్చుని ఉంది. కళ్లెత్తి నన్ను చూసింది.

"ఇప్పుడన్న చెప్తవా బిడ్డా?" అంది.

చెప్పాను. అందరి ముందూ చెప్పాను. సారుకు ఏ రోగమూ లేదు, డీన్ తెల్లజుట్టు వద్దన్నాడు, రంగు పడలేదు, గుండు చేయించుకున్నారు, క్యాన్సర్ అన్నది నేను అని.

బ్యాంకు మేనేజరు నా పక్కకు వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "ఊకోండి మేడం. బాధల ఏదేదో అంటాండ్రు. ఆనాడు సారే మాతోని చెప్పిండు. నా చెవులతోని విన్న."

"నన్ను కాపాడనీకి అన్నడు."

వాడు చెయ్యి వదిలేశాడు. వాడి మొహం ఎర్రబడింది. "అంటే సారు అబద్ధమాడిండు అంటాండ్రా మేడం? గీ సారా? ఆయన శవం ముంగట నిలవడి?"

అందరూ నా వైపే చూస్తున్నారు.

"అవును" అన్నాను. "నా కోసం ఆడిండు."

వాడు నా మొహం కూడా చూడకుండా బయటికి వెళ్లిపోయాడు. వాడి వెనకే మిగతావాళ్లూ ఒక్కొక్కరే వెళ్లిపోయారు.